పొన్ను లేని రోకలి

నాగయ్యది భక్తా, మొండితనమా అని ఎర్రగుట్టపాలెంలో ఎవరినడిగినా ముందు ఒక నవ్వు నవ్వేవాళ్ళు. "మొండోడికి భక్తి కుదిరితే మా నాగయ్య తమ్ముడే" అని తేల్చి చెప్పింది మాత్రం పక్కింటి కుల్సుం. ఆమె మాట కాదనడానికి నా దగ్గరా ఏమీ లేదు.

వెల్దుర్తి అవతల, కొండల ఒడిలో నలభై గడపల ఊరు అది. వానపడితే జొన్న, పడకపోతే నాపరాళ్ళ క్వారీ. నాగయ్యకు పద్నాలుగో ఏట నుంచి క్వారీయే అన్నం పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే ముందు ఏడు ఆ క్వారీయే ఒక పలక జార్చి అతని ఎడమ చీలమండ మీద పడేసింది. కట్టు కట్టేవాడు కట్టాడు, ఎముక అతుక్కుంది. అతుక్కోవడమైతే అతుక్కుంది కానీ దాని దారిన అది అతుక్కుంది. నడుస్తుంటే ఎవరికీ తెలియదు. నాలుగడుగులు పరుగెత్తాడా, పాదం పక్కకు తిరిగి తన అవకరం తనే చాటేది.

నలభై ఏళ్ళు నిండిన మనిషి ఇప్పుడు పరుగెత్తవలసిన అవసరం ఏమొచ్చిందీ అంటే, అన్న గురవయ్య వైశాఖంలో జ్వరంతో పోయాడు. అన్న పోవడంతో కొణతం నాగయ్య భుజం మీదకు వచ్చింది.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల ఉత్సవం జరుగుతుంది కదా. ఒక్కో ఊరి నుంచి వీరుల ఆయుధాలు అక్కడికి చేరతాయి. ఎర్రగుట్టపాలెం ఆయుధం పేరు కొణతం. మొన తేలిన నిలువెత్తు ఇనుము, పది వీశెల బరువు, నిండా పసుపు గుడ్డ చుట్టి ఉంటుంది. దాన్ని మోసే హక్కు ఒకటే వంశానిది. అందుకే ఆ వంశాన్ని ఊళ్ళో ఇంటిపేరు మరిచిపోయి కొణతమోళ్ళు అంటారు. వెలుగు రేఖ రాగానే ఊరు కదలాలి, ఎండ నడినెత్తికి రాకముందే కారెంపూడి చేరాలి. మధ్యలో పద్నాలుగు మైళ్ళు, రెండు కొండలు. డప్పుల వెంట ఊపు పరుగున పోవాలే గానీ నింపాదిగా నడిస్తే ఒప్పుకోరు. నడిస్తే అది కొణతం కాదు, కూరగాయల కావడి అని వెక్కిరిస్తారు.

కొణతం మోతకు కట్టుబాట్లు మూడే. మొదటిది, కొణతం ఎత్తే కుడి భుజం మీద దీక్ష పట్టిన మూడు వారాలూ వేరే ఇనుము ఎక్కరాదు. రెండోది, దారిలో కొణతం నేలకు తగలరాదు. తగిలిందా, హక్కు ఆ ఇంటిని వదిలి దాయాది ఇంటికి పోతుంది, మళ్ళీ తిరిగి రాదు. మూడోది, మోసేవాడు అలిసిపోతే భుజం మార్చుకోవచ్చు. కానీ ఎవరికి పడితే వారికి ఇవ్వకూడదు. అదే వంశపు మగవాడై, తనూ దీక్షలో ఉండి, ఆ దీక్షలో మోసేవాడితో ఒకే గిన్నెలో తిన్నవాడై ఉండాలి.

గురవయ్య ఉన్నన్నాళ్ళూ అన్నదమ్ములు ఒకే కంచంలో తినేవాళ్ళు. నాగయ్య కాలు చెడకముందు రెండో కొండ దగ్గర గురవయ్య ఇచ్చేవాడు, నాగయ్య అందుకునేవాడు; చెడ్డాక గురవయ్య ఒక్కడే చివరిదాకా మోసేవాడు. ఇప్పుడు నాగయ్యకు అందుకునే భుజం లేదు. ఉన్నది ఇద్దరు కూతుళ్ళు. వంశంలో మిగిలిన మగవాడు దాయాది తమ్ముడు కృష్ణయ్య ఒక్కడే. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, లేడికి లేచిందే పరుగన్నట్టు ఉండేవాడు. ఇంటికొకరు చొప్పున అతనూ దీక్ష పడతాడు. అయితే ఆ రెండిళ్ళకూ అన్నం పొత్తు లేదు.

ఎందుకు లేదంటే గారెల వల్ల. నవ్వకండి. ఇరవై ఏళ్ళ కిందట నాగయ్య తాత పెద్దదినం నాడు వడ్డన మధ్యలో గారెలు అయిపోయాయి. అవి అయిపోయింది సరిగ్గా కృష్ణయ్య తల్లి నాంచారమ్మ విస్తరి ముందు. "మా బంతికొచ్చేసరికే మీ మూకుడు ఎండిపోయిందా?" అని ఆమె విస్తరి మడిచి లేచింది. ఆ లేవడం లేవడం ఇంతవరకు కూర్చోలేదు. ఎదురుపడితే మాటలు ఉండేవి, చావుకీ పెళ్ళికీ వచ్చి నిలబడేవాళ్ళు. మంచినీళ్ళు మాత్రం ముట్టేవాళ్ళు కాదు. కొణతం ఏదో ఒక ఏడు తన కొడుకు భుజం మీదకు వస్తుందని నాంచారమ్మ పసుపు గుడ్డతో భుజానికి మెత్త కుట్టి పెట్టెలో దాచింది. గుడ్డ రేషన్ మీద ఇచ్చే కంట్రోలు రోజుల్లో గజం గుడ్డ దాచడమంటే మాటలు కాదు.

దీక్ష పట్టిన రోజు ఊరి పెద్ద పున్నారావు తాత నాగయ్యను కొణతం ఉండే వీరుల గది ముందు కూర్చోబెట్టి మెత్తగానే అడిగాడు.

"ఒరేయ్ నాగా, కాలు చూస్తే అట్టా ఉంది. మోయగలవా? ఇప్పుడే కృష్ణయ్యకు ఇచ్చేస్తే ఏ గొడవా లేదు. దార్లో దిగిందనుకో, పరువు కూడా పోద్ది."

"మా అన్న పదిహేనేళ్ళు మోశాడు తాతా. ఆయన పోయిన ఏడే మా గడప దాటి పోయిందంటే, ఆయన పోయింది చాలక ఆయన పేరు కూడా నేనే పూడ్చినట్టు. మోస్తా."

"సరే. రోట్లో తల పెట్టినోడివి, పోటుకు భయపడబాక" అన్నాడు తాత. ఆ మాట ఎంత నిజమవుతుందో అప్పుడు ఆయనకూ తెలియదు.

సరే, మోయాలంటే ముందు ఒకసారి దారంతా పరుగెత్తి చూసుకోవాలి. కొణతం పండగ నాడు తప్ప గది దాటదు. క్వారీలో గడ్డపారలు కావలసినన్ని ఉన్నాయి కానీ అవి ఇనుము. కర్ర ఏదైనా చాలుననుకుంటే, సరిగ్గా భుజం మీద నిలిచే బరువైన కర్ర ఊళ్ళో ఒకటే ఉంది, రోకలి. ప్రతి రోకలి చివరా ఇనుప పొన్ను ఉంటుంది. పోలమ్మను, అంటే భార్యను, పొన్ను ఊడగొట్టమని అడిగాడు.

"ఊడగొడితే జొన్నలు నీ తలకాయతో దంచనా?" అంది పోలమ్మ.

అప్పుడు కనిపించింది కుల్సుం కోళ్ళగూటికి ఆనించిన పాత రోకలి. కుల్సుం ఊరందరికీ కూలికి మిరపకాయలు దంచేది. పొన్ను ఊడిపోయాక ఆ రోకలిని మూలకు పడేసింది. నాగయ్య అడిగితే ఆమె రెండు చేతులూ ఆడించింది.

"తీసుకుపో తమ్ముడూ. కానీ పదేళ్ళు కారం తాగిన కర్ర అది. జాగర్త."

"కడుక్కుంటాలే అక్కా."

కడిగాడు కూడా. పీచుపెట్టి తోమి, తోమి, రాత్రంతా తొట్టి నీళ్ళలో నానబెట్టాడు. కడగకుండా ఎండుదాన్ని అట్లాగే ఎత్తుకుని ఉంటే బతికిపోయేవాడు. పదేళ్ళుగా కర్రలో నిద్రపోతున్న కారాన్ని పిలిచి మరీ లేపాడు పెద్దమనిషి.

పండగ ఇంకా పదకొండు రోజులుందనగా వెలుగు రేఖతో బయల్దేరాడు. రోకలి రెండు చివర్లా తడి ఇసుక మూటలు కట్టి పది వీశెలకు తెచ్చాడు. భుజం మీద తువ్వాలు మడత, దాని మీద రోకలి. నీళ్ళకు పోతున్న ఆడవాళ్ళు కడవలు దించి మరీ చూశారు.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట" అంది ఒకామె.

"తలకు కాదులేవే, భుజానికి" అంది ఇంకొకామె. నాగయ్య తల తిప్పలేదు. తిప్పితే రోకలి పక్కకు పోతుంది.

మొదటి కొండను ఎద్దులగండి అంటారు. బండ్లు ఎక్కలేవు, విడి ఎద్దులే ఎక్కుతాయి. నాగయ్య తనకు తెలిసిన కిటుకుతోనే ఎక్కాడు. క్వారీలో పలక మోసేవాడు ఊపిరిని అడుగులకు పంచుకుంటాడు, మూడడుగులకు తీసుకోవడం, మూడడుగులకు వదలడం. పాదం పక్కకు తిరగకుండా మడమ కాక వేళ్ళు ఆనించి ఎక్కాడు. గండి మీద గాలి తగిలింది. కాలు నొప్పి ఉంది కానీ ఓర్చుకోదగ్గదే. దిగేటప్పుడే చీలమండ కలుక్కుమంది, పళ్ళు బిగపట్టాడు. పెద్దవాగు మోకాటి లోతు పారుతోంది, దాటాడు. ఇంతవరకు బాగానే ఉంది. "ఇంతేనా" అనుకున్నాడు కూడా. ఇల్లలకగానే పండగైందనుకోవడం మనిషికి కొత్తేమీ కాదు.

రెండో కొండ పిట్టలబోడు. చెట్టూ చేమా లేని బోడిరాయి. ఎండ ఎక్కింది. చెమట వీపు మీదుగా కాలువలు కట్టింది. తువ్వాలు తడిసి జారి, వీపు మీద వేలాడింది. ఎడం చేత్తో సర్దబోతే అందలేదు. రోకలి ఉత్త భుజం మీద ఆనింది. సగం కొండ ఎక్కేసరికి భుజం చురచురలాడింది. రాపిడి అనుకున్నాడు. ఇంకో నూరు అడుగులకు మంట మెడ దాకా పాకింది. అప్పటికీ బుర్రకు తట్టలేదు. కనుబొమల మీద చెమట కారుతుంటే, రోకలి పట్టుకున్న చేతిని మార్చి అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక చెప్పేదేముంది! రెండు కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. "అమ్మా" అని ఒక కేక పెట్టాడు. పిట్టలబోడు మీద ఉన్న నాలుగు పిట్టలూ ఎగిరిపోయాయి. కళ్ళు తెరవలేడు, తెరిస్తే ఇంకా మంట. భుజం, మెడ, వీపు, అన్నీ కాలుతున్నాయి. రోకలి అవతల పడేసి వాగులోకి దొర్లుకుంటూ పోయినా అడిగేవాడు లేడు. నాగయ్య పడేయలేదు. ఆ బోడి కొండ మధ్యన, గుడ్డివాడిలా, రోకలి భుజాన పెట్టుకుని, కాళ్ళు ఎడం చేసి నిలబడి ఏడ్చాడు. మగవాడు ఏడవడమేమిటంటారా? ఆ కారం మీ కంట్లో పడనివ్వండి, తర్వాత మాట్లాడుకుందాం.

"నాగన్నా! ఏందయ్యా అది? ఏమైంది?"

కొండ పైనుంచి కృష్ణయ్య గొంతు. దబదబా దిగి వచ్చాడు.

"నువ్వేందిరా ఇక్కడ?"

"నేనూ పరిగెత్తి చూసుకుంటన్నా. నువ్వు దించితే ఎత్తాల్సింది నేనే గదా" అన్నాడు కృష్ణయ్య. మనసులో ఉన్నది నాలుక మీదే ఉంటుంది అతనికి. "ముందు ఆ రోకలి దించు. కళ్ళు ఎర్రగా ఉబ్బినయ్."

"దించను."

"అది రోకలయ్యా! కొణతం కాదు. ఎవురూ చూట్టంలా."

"నేను చూస్తన్నా గదరా. ఇయ్యాల రోకలి దించితే ఆ రోజు కొణతం దిగుద్ది. నన్ను వాగు కాడికి తీసకపో."

కృష్ణయ్య ఇంకో రెండుసార్లు చెప్పి చూసి, నాలుగోసారి చెప్పకుండా ఊరుకున్నాడు. ఎడం చెయ్యి పట్టుకుని అడుగు అడుగూ చెప్పుకుంటూ కొండ దించాడు. "ఇక్కడ బండ. ఇక్కడ పల్లం. కాలు కుడికి." వాగులో నాగయ్య నడుం లోతులో కూర్చున్నాడు, రోకలి మాత్రం భుజం మీదే. కృష్ణయ్య దోసిళ్ళతో కళ్ళు కడిగాడు, కాస్త నెమ్మదించాయి. ఆ ఊపులో భుజం మీద కూడా నీళ్ళు గుమ్మరించాడు. కారం వీపంతా పరుచుకుంది. నాగయ్య పెట్టిన కేకకు కృష్ణయ్యే రెండడుగులు వెనక్కి వేశాడు.

పొద్దు బారెడెక్కింది. నాగయ్యకు కళ్ళ మంటకు తోడు ఆకలి మొదలైంది. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు లేవు. కృష్ణయ్య మొలకు కట్టుకున్న సొరకాయ బుర్ర విప్పి మూత తీశాడు. జొన్న అంబలి, పైన ఒక ఉల్లిగడ్డ. తను నాలుగు గుక్కలు తాగి, ఆలోచించకుండానే బుర్ర నాగయ్య నోటికి ఆనించాడు. నాగయ్యా ఆలోచించకుండానే తాగాడు. ఉల్లిగడ్డ బండ మీద చితక్కొట్టి చెరి సగం తిన్నారు. బుర్ర రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. అడుగున మిగిలిన మడ్డి వేలితో గీరి నాకేటప్పుడు నాగయ్యకు తెలిసొచ్చింది, ఏం చేశాడో. కృష్ణయ్యకూ తెలిసొచ్చినట్టుంది. బుర్రకు మూత బిగించి మొలకు కట్టేసుకున్నాడు.

"మీ అమ్మకు చెప్పమాక" అన్నాడు నాగయ్య.

"నేనెందుకు చెప్తా? చంపుద్ది."

ఊరి మొగదల దాకా చెయ్యి పట్టుకుని నడిపించి, ఊరు కనబడగానే కృష్ణయ్య చేను గట్టున పక్కదారి పట్టాడు.

నాగయ్య రోకలిని ఇంటికి తెచ్చి, పోలమ్మ ఎదురు వచ్చి అందుకుని రోలు మీద నిలబెట్టే దాకా భుజం మీద నుంచి దించలేదు. దించాక నేల మీద బోర్లా పడ్డాడు. పోలమ్మ లబలబలాడింది. గోల విని కుల్సుం వచ్చింది, భుజం చూసింది, తన నెత్తిన తనే కొట్టుకుంది.

"నీళ్ళు పోసిన తెలివైనోడు ఎవురు తమ్ముడూ? కారానికి నీళ్ళు పోస్తే కాళ్ళొచ్చినట్టే. వెన్న తే పోలమ్మా, వెన్న."

"దీక్షలో ఒంటికి నూనె తగలగూడదు" అన్నాడు నాగయ్య నేల మీద నుంచి.

"వెన్న నూనెంటయ్యా? పాలకు చెల్లెలు. మీ వీరులు వెన్నకు కూడా అలుగుతారా?"

ఈ ధర్మసందేహం పున్నారావు తాత దాకా పోయింది. ఆయన గడ్డం గీరుకుని, వెన్న నూనె కాదు, కరిగితే మాత్రం నెయ్యి, నెయ్యి కూడా నూనె కాదు అని తీర్పు చెప్పాడు. కుల్సుం పూటకోసారి వచ్చి చన్నీళ్ళలో తేల్చిన వెన్న భుజానికీ వీపుకూ అంటించి పోయేది. కళ్ళకు చల్లటి పాలలో ముంచిన గుడ్డ. చీలమండ బూరెలా పొంగితే పోలమ్మ వావిలాకు మరిగించి ఆ నీళ్ళతో పొద్దునా సాయంత్రం కాపడం పెట్టింది.

మూడో రోజుకు కళ్ళు తేటపడ్డాయి. నాలుగో రోజు భుజం మీద తోలు అరచెయ్యంత ఊడి వచ్చింది. ఎద్దు కాడి పుండులా లోపలి నుంచి ఎర్రగా కొత్త చర్మం కనబడింది. పడుకోవడానికి లేదు, గోడకు ఎడం పక్క ఆనుకుని కూర్చునే కునికేవాడు. పోలమ్మ ఉలవలు ఉడకబెట్టి కట్టు తాపింది. "బండ లాగే ఎద్దుకు పెట్టినట్టు పెడతన్నావే" అంటే, "ఎద్దుకైతే కాస్త బుద్ధుంటది" అంది.

అన్నిటికంటే కష్టం ఊరికే కూర్చోవడం. క్వారీ మనిషికి పని చేయడం తెలుసు, పడిపోవడం తెలుసు, ఈ రెండింటి మధ్య ఇంకోటి ఉందని తెలియదు. ఆరో రోజు లేచి రోకలి కోసం వెతికాడు. ఇంకోసారి పరుగెత్తి చూస్తానంటాడు! పోలమ్మ రోకలిని నేల మీద పడేసి దాని మీద కూర్చుంది.

"లే."

"లెయ్యను. మానతన్న కాలు మీద మళ్ళీ పరిగెత్తితే పండగ నాటికి ఒంటికాలు మిగిలిద్ది. ఎనిమిదో రోజు దాకా నీ అడుగు గడప దాటగూడదు. మీ కొణతానికి నేలంటే, నీకు గడప."

అతను మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె కూర్చున్నచోట కూర్చునే జొన్నలు చెరిగింది, కూర తరిగింది. ఎనిమిదో రోజు నుంచి క్వారీ దాకా నడిచి వచ్చాడు, తొమ్మిదో రోజు ఎద్దులగండి మొదలు దాకా. వాపు తీసింది. లోపల ఒక మూల కలుక్కుమనేది అలాగే ఉంది. అది పోలమ్మకు చెప్పలేదు.

అమావాస్య నాడు డప్పులు మోగాయి. ఊరు సగం వెంట కదిలింది. ఆడవాళ్ళ గుంపులో నాంచారమ్మ కూడా ఉంది, కొంగు కింద ఆ పసుపు మెత్త పెట్టుకుని. అందరికీ తెలుసు ఆమె కొంగు కింద ఏముందో. నాగయ్యకూ తెలుసు. పున్నారావు తాత కొణతాన్ని అతని కుడి భుజం మీద పెట్టాడు. కొత్త చర్మం మీద చల్లటి ఇనుము ఆనగానే నాగయ్య ఒళ్ళు జలదరించింది.

ఎద్దులగండి ఎక్కాడు. దిగాడు. వాగు దాటాడు. పిట్టలబోడు కూడా ఎక్కాడు, అన్న ఇచ్చేచోట ఎవరూ అందుకోకుండానే దాటాడు. మూడడుగులకు తీసుకోవడం, మూడడుగులకు వదలడం. ఇనుము కింద చర్మం చిట్లి నెత్తురు కొణతానికి చుట్టిన పసుపు గుడ్డ మీదకు వచ్చింది. పోలమ్మ చూసింది. శిఖరం మీద నుంచి కారెంపూడి చెట్లు కనబడ్డాయి. ఇంక దిగడమే ఉంది. దిగడమే అతని కాలికి చేతకాదు.

కొండ సగం దిగాడు. గులకరాయి ఒకటి పాదం కింద దొర్లింది. చీలమండ పక్కకు తిరిగి లోపల ఏదో పటుక్కుమంది. నాగయ్య మోకాలి మీద పడ్డాడు. డప్పులు ఆగిపోయాయి. కొణతం భుజం మీదే ఉంది, రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. దాని మొన నేలకు జానెడు ఎత్తున వణుకుతోంది. లేవబోయాడు, కాలు లేవనియ్యలేదు. మళ్ళీ లేవబోయాడు. మొన బెత్తెడు ఎత్తుకు దిగింది.

ఎవరూ ముట్టుకోకూడదు. నలభై మంది చుట్టూ నిలబడి చూస్తున్నారు, అంతే. పోలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

పున్నారావు తాత ఆచారం ప్రకారం అడగవలసింది అడిగాడు. "కొణతమోళ్ళలో ఈ దీక్షలో నాగయ్యతో ఒక్క గిన్నెలో తిన్నోడు ఎవుడన్నా ఉన్నాడా?"

ఊరంతటికీ జవాబు తెలుసు. ఎవడూ లేడు. ఆ అడగడం ఉత్త లాంఛనం. కృష్ణయ్య తల్లి పక్కనే నిలబడి ఉన్నాడు. అతను చేయవలసిందల్లా నోరు మూసుకుని నిలబడడమే. పది ఊపిరులు ఆగితే చాలు, కొణతం తనంత తనే నేలకు తగిలి, తనంత తనే వాళ్ళ ఇంటికి నడిచి వస్తుంది. నాగయ్య అతని వంక చూడలేదు. చూస్తే అడుక్కున్నట్టవుతుంది. చెప్పమాకని తనే కదా అన్నాడు. నేల వంకే చూస్తూ, అన్నా, నా వల్ల కాలేదు అన్నా అని లోపల ఏడ్చాడు.

"నేను తిన్నా."

కృష్ణయ్య ముందుకు వచ్చాడు.

"రోకలెత్తుకుని పరిగెత్తిన నాడు, పెద్దవాగు కాడ. నా బుర్రలో అంబలి. ఇద్దరం తిన్నాం. ఉల్లిగడ్డ కూడా."

నాంచారమ్మ కొడుకు చెయ్యి పట్టి లాగింది. "ఏం కూశావురా? ఇరవై ఏళ్ళకు గడపలోకొచ్చేదాన్ని కాలితో తంతన్నావా? అబద్ధమని చెప్పు!"

"అబద్ధం కాదమ్మా. కళ్ళు కనపడక, ఒళ్ళు కాలిపోతా, ఎవురూ చూడని కొండ మీద ఆయన రోకలే దించలా. నేను దించమన్నా దించలా. రోకలి దించనోడి చేతిలో కొణతం నేల మీద పడతంటే నన్ను చూస్తా నిలబడమంటావా?"

ఆమె చెయ్యి వదిలేసింది.

కృష్ణయ్య మోకాళ్ళ మీద కూర్చుని నాగయ్య భుజానికి తన భుజం ఆనించాడు. మొన నేలకు రెండు వేళ్ళ ఎత్తున ఉందప్పుడు. ఇనుము ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదకు దొర్లింది. "ఆగరా" అంది నాంచారమ్మ. కొంగు కింద నుంచి మెత్త తీసి కొడుకు భుజానికీ ఇనుముకూ మధ్య దోపింది. అప్పటికి గానీ ఆమె నాగయ్య భుజం వంక చూడలేదు. చూసి, నెత్తురు గడ్డకట్టిన ఆ పచ్చి పుండు చూసి, పోలమ్మ వైపు తిరిగి కసిరింది.

"ఏమే, మనిషిని ఇట్టా పంపిస్తారటే? ఇంట్లో ఆడదానివి కాదూ?"

ఇరవై ఏళ్ళలో ఆమె పోలమ్మను అలా తిట్టడం అదే మొదలు. తిట్టేంత దగ్గరితనం అప్పటిదాకా లేదు మరి. పోలమ్మ ఏడుస్తూ నవ్వింది.

డప్పులు మళ్ళీ మోగాయి. కృష్ణయ్య లేచాడు. హక్కు నాగయ్య ఇంట్లోనే ఉంది, అది మోసే భుజం మాత్రం ఆ రోజు వేరే ఇంటిది. నాగయ్యకు ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టారు. బరువు దిగిన కుడి భుజం పైకి లేచిపోతున్నట్టుంది అతనికి. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోబోయి, చేతిని ఒకసారి వాసన చూసుకుని మరీ తుడుచుకున్నాడు.

పక్కన నడుస్తున్న నాంచారమ్మ మూతి బిగించుకునే అంది. "ఇంటికి పోయినాక గారెలు చేస్తా. మీ ఇంటిల్లపాదీ రండి. పప్పు ముందే రెండు కుంచాలు నానబోస్తా, మళ్ళీ ఎవురికీ తక్కువ పడగూడదు."

"పప్పు రుబ్బడానికి నేనొస్తా అత్తా" అంది పోలమ్మ.

"రా. ఆ కారం రోకలి మాత్రం తీసుకురామాక."